కాలరు వెనక ఎస్క్వైరు

జెంటిల్మేన్ అనే మాట ఎవరి నోట విన్నా నాకు ముందు గుర్తొచ్చేది కంపు. ముక్కు దానంతట అదే ముడుచుకుంటుంది. కాశీబుగ్గలో ఆరేళ్లపాటు లాండ్రీలో పనిచేసినవాడికి ఇంగ్లీషు ఇలాగే వస్తుంది, చెవి కంటే ముందు ముక్కుకి.

ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పరీక్ష నాడు నేనూ ఇంగ్లీషూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మనకి పడదని తేల్చుకుని గొడవ లేకుండా విడిపోయాం. ఆ తరవాత అక్కడా ఇక్కడా తిరిగి, తొంభైల చివర్లో బస్టాండు వెనక సందులో ఉన్న లాండ్రీలో తేలాను. బోర్డు మీద డ్రై క్లీనర్స్ అని రాసుంది గాని లోపల నేల ఎప్పుడూ తడే. పక్క సందులో జీడిపిక్కలు కాల్చేవారు. ఆ పొగ, మా ఇస్త్రీ పెట్టె బొగ్గుల పొగ, ఉడుకుతున్న బట్టల సోడా ఆవిరి, మూడూ కలిసి పొద్దున్నే గొంతులో కూర్చునేవి.

మూటలు విప్పి బట్టలు వేరు చెయ్యడం నా పని. ఊరందరూ మనిషిని ముందువైపు చూస్తారు, మేం కాలరు లోపలివైపు చూస్తాం. మేస్టారి చొక్కా జేబులో సుద్దపొడి ఉంటుంది. అక్కుపల్లి నుంచి చేపల గంపలతో వచ్చేవాళ్ల బట్టలకి ఉప్పు పట్టి ఉంటుంది. నీళ్లలో పడగానే అవి మర్యాదగా దిగిపోతాయి. దిగనిదల్లా నీడపట్టున, ఫ్యాను కింద, ఊరికే కూర్చున్నవాడి ఒంటి జిడ్డు. దానికి సోడా చాలదు. బ్రష్షు పెట్టి తోమాలి, తోమేవాడు ఊపిరి బిగపట్టాలి.

ఆ ఊపిరి బిగపట్టే మూట మాకు వారానికోసారి వచ్చేది. తెచ్చే ఆయన గవర్నమెంటు ఆఫీసులో ఒక మోస్తరు పెద్ద కుర్చీలో ఉండేవాడు. బూడిద రంగు సఫారీ, నల్లద్దాలు, నున్నగా దువ్విన నల్లటి జుట్టు. కొట్టులోకి అడుగు పెట్టేవాడు కాదు. గడప బయటే నిలబడి, ఒక చేత్తో రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండో చేతి రెండు వేళ్లతో మూట అందించేవాడు. తన కంపుకి తానే ముక్కు మూసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"బాయ్, డీసెంట్‌గా రావాలి. జెంటిల్మేన్ బట్టలు, తెలిసిందా?"

"తెలిసింది సార్. మూట ఇప్పకముందే తెలిసిపోతాది సార్."

అది పొగడ్తే అనుకుని తలాడించేవాడు.

విప్పితే ఏముండేది? కాలరు చుట్టూ జుట్టు రంగు చెమటతో కలిసి కారి, మాడిన పులుసులా గట్టిపడి ఉండేది. చంకల్లో సెంటు పౌడరు, చెమట ముద్దై, ఎండి, పెచ్చులు లేచేవి. జేబులో రుమాలు అప్పడంలా విరిగేది. పళ్లు కుట్టుకున్న పుల్లలు పారెయ్యకుండా మళ్లీ జేబులోనే వేసుకునేవాడు, కొసన కూర ముక్కతో సహా. ఆ జేబు తిరగెయ్యాల్సింది నా వేళ్లతో. ఆ రోజు అన్నం ఎడం చేత్తో తినాలనిపించేది.

ఊళ్లో మాత్రం ఆయన పేరు జెంటిల్మేన్ గారే. తమది దివాణంలో కొలువు చేసిన వంశమనీ, బంధువులంతా విశాఖపట్నంలో ఉంటారనీ చెప్పుకునేవాడు. ఇంటి గేటుకి పాలరాతి పలక, దాని మీద ఇంగ్లీషులో పేరు, పేరు వెనక 'ఎస్క్వైర్'. అది చాలక మా కొట్టు మీదికీ వచ్చాడు. లాండ్రీలో ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో కాలరు లోపల గుర్తు పెడతాం. ఒకరికి గీత, ఒకరికి చుక్క, ఒకరికి గుణకారం గుర్తు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఆయనకి చుక్కలు నచ్చలేదు.

"ఈ చాకలి గుర్తులేంటి? నా ఇనీషియల్స్ వెయ్యి. వెనకాల ఈ, ఎస్, క్యూ, అంటే ఎస్క్వైర్."

మా ఓనరు నా వైపు చూశాడు. ఎనిమిదో తరగతి దాకా వెళ్లిన పండితుణ్ని నేనొక్కణ్ణే. నాలుక బయటపెట్టి, పుల్ల కొసతో, ఆయన ప్రతి బట్ట కాలరు లోపలా ఆ అక్షరాలు దిద్దాను. జీడి రసం చుర్రుమని వేలికి బొబ్బ లేచింది. ఎస్క్వైరు గారి పుణ్యమా అని చూపుడు వేలు వారం రోజులు పొట్లకాయలా ఉంది.

ఆ మాటకి అర్థం తెలుసుకోకపోతే నా బొబ్బకి అన్యాయం చేసినట్టు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దామె తెల్ల చీరలు గంజి పెట్టించుకోవడానికి వచ్చేది. ఊరంతా సిస్టరమ్మ అనేవారు. దొరసానుల దగ్గర పెరిగిన ఇంగ్లీషు ఆమెది. స్టూలు మీద గొడుగు ఆనించుకుని కూర్చునేది.

"సిస్టరమ్మా, ఎస్క్వైరంటే ఏటమ్మా?"

"నీకెందుకురా? పెళ్లికార్డు మీద ఏసుకుంతావేటి?"

"సెప్పమ్మా, ఏలు కాలిపోనాది దాని కోసం."

ఆమె నవ్వింది. "ఎనకటికి గుర్రమెక్కి యుద్ధానికెల్లే దొర ఉంతాడు కదా, ఆడి డాలు మోసుకుని ఎనకాల ఎల్లేవోడు ఎస్క్వైరు. పోను పోను అది గౌరవమైపోయి పేర్ల పక్కన సేరింది."

"అంటే మోతగాడా! మరి జెంటిల్మేనో?"

"మంచి వంశంలో పుట్టి, తాతల భూమి మీద తిని, సేతుల్తో పని సెయ్యనోడు. మంచితనం గించితనం తరవాత తగిలించినారు."

నాకు ఆకలేసినట్టైంది. ఇంకేం ఉన్నాయని అడిగాను. డాండీ అంటే పూటంతా బట్టల మీదే బతికేవాడట. విశాఖలో ఇంజనీరింగు చదివే కుర్రాళ్లు సెలవులకొచ్చి ఒకర్నొకరు పిలుచుకునే డ్యూడ్ అన్న మాట కూడా మొదట్లో అలాంటి సోకుగాణ్ని వెక్కిరించడానికి పుట్టిందేనట. స్నాబ్ అంటే ముందు చెప్పులు కుట్టేవాడట, తరవాత తక్కువవాడట, ఆ తరవాత పెద్దవాళ్లని అనుకరించేవాడట. సినిమాలో కొరడా పట్టుకునే విలన్ ఉన్నాడే, ఆ మాట పుట్టినప్పుడు పొలం పని చేసుకునే బీదవాడి పేరు అది.

"పొలం పని సేసినోడు విలనేటమ్మా?"

"మాటలు పుట్టించింది పొలం పని సెయ్యనోలు మరి," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

నాకు ఆ పూట ఇస్త్రీ మీద మనసు లేదు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన ఎంగిలి మాటలు, వాటిని మనవాళ్లు ఏరుకుని గేటుకి అంటించుకోవడం, వాటిని నేను వేలు కాల్చుకుని కాలరు మీద రాయడం. ఎంగిలి విస్తరి కడిగి గోడకి తగిలించినట్టు అనిపించింది.

ఇక మా బావ సంగతి. మా మేనమామ కొడుకు, కవిటి దగ్గర పల్లెలో ఉండేవాడు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపడం వాడి పని. సిస్టరమ్మ లెక్కలో అచ్చమైన విలన్. చీలమండల చుట్టూ తాడు ఒరిసి చర్మం నల్లగా, గట్టిగా, చెట్టు బెరడులా ఉండేది. మంచివాడు, మాటకారి కాదు. వాడికి వజ్రపుకొత్తూరు వైపు పల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్లని బావ ఒకసారి జాతరలో చూశాడు. అప్పట్నుంచి చెట్టు మీద కూడా ఈలలు వేస్తున్నాడని మా అత్త చెప్పింది. ఆ సంబంధం తప్పితే ఇంకోటి చూడొద్దని ఇంట్లో చెప్పేశాడు. మాట్లాడని మనిషి అంత మాట అనేసరికి మా అత్తకి భయం పట్టుకుంది.

సంబంధం తెచ్చిన మధ్యవర్తి ఆ భయం మీద ఇంకో నాలుగు చెంబులు కిరసనాయిలు పోశాడు.

"పిల్ల తరపున మేనమామ ఒకాయన వత్తాడు. పెద్ద మనిషి, డీసెంటు. ఆయన ఊ అంతేనే ఆ ఇంట్లో ఏదైనా. సెట్లెక్కుతాడని సెప్తే ఎల్లగొడతారు. కొబ్బరి కంపెనీలో సూపర్‌వైజరని సెప్పీసినాను. మంచి బట్టలేసుకుని రండి."

మంచి బట్టలకి ఎక్కడికి పోతారు? నా దగ్గరికే. మా కొట్టుకి ఒక ఆచారం ఉండేది. పెళ్లిచూపులకి వెళ్లే పేద కుర్రాళ్లకి, ఉతికి ఇస్త్రీ చేసి ఇంకా తీసుకెళ్లని బట్టల్లోంచి ఒక జత పూట మట్టుకు ఇచ్చేవాడు ఓనరు. బదులుగా ఒక పనసపండో, నాలుగు ఎండుచేపలో. చుట్టుపక్కల కొట్లన్నిటిలో ఇదే నడిచేది. మా ఉద్దానం కొబ్బరి పల్లెల్లో ఎన్ని పెళ్లిళ్లు ఎవరెవరి ప్యాంట్లలో కుదిరాయో చెప్తే కాపురాలు నిలవవు. ఓనరుది ఒకటే షరతు. బట్టల సొంతదారుకి ఏ సంబంధమూ లేని ఊరికే ఆ బట్టలు వెళ్లాలి.

"అక్కడ మన ఖాతాదారులెవలూ నేరు. ఆ బూడిద సఫారీ ఇయ్యి, ఆయనకి బంధువులంతా వైజాగులోనే," అన్నాడు ఓనరు.

నేను తటపటాయించాను. ఆ సఫారీని ఎంత తోమానో నాకు తెలుసు. తోమినా ఆ మనిషి అందులోనే ఉన్నట్టుండేది. కానీ బావ ఒంటికి సరిపోయింది అదొక్కటే. వేసుకుని అద్దంలో చూసుకుని, "ఒరే బావా, ఊపిరాడతన్లేదురా," అన్నాడు.

"జెంటిల్మేన్‌కి ఊపిరెందుకురా. బిగబట్టు."

ఆదివారం పొద్దున్న బస్సు దిగి కొబ్బరి తోటల మధ్య ఇసక బాటలో నడిచి వెళ్లాం, నేనూ బావా మధ్యవర్తీ. మట్టి గోడల ఇల్లు, చుట్టూ చెట్లు. పిల్ల తండ్రి మెల్లగా లేచి వచ్చాడు. కిడ్నీ జబ్బు, పాదాలు వాచి మెరుస్తున్నాయి. మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. పిల్ల వాళ్లమ్మ వెనకాల గుమ్మం పక్కన నిలబడింది. బావ నేల చూపులు. అంతా సవ్యంగా నడుస్తోంది అనుకుంటుండగా బయట బండి ఆగింది.

"మా బావమరిది వచ్చినాడు," అన్నాడు పెద్దాయన, లేవడానికి గోడ పట్టుకుంటూ.

నల్లద్దాలు, నల్ల జుట్టు, ముక్కుకి రుమాలు. వచ్చింది మా జెంటిల్మేన్. వైజాగు బంధువులు, దివాణం కొలువు అన్నీ ఆ మట్టి గోడల దగ్గరికొచ్చి ఆగాయి. ఆ ఇల్లు ఆయన సొంత చెల్లెలిది. నేను మధ్యవర్తి వెనక్కి జరిగాను. నన్ను చూశాడా అంటే, చూశాడు గానీ గుర్తుపట్టలేదు. వారం వారం తన మూట అందుకునే మొహాన్ని ఆయన ఎన్నడూ చూసి ఎరగడు.

ఆ ఇంట్లో ఉన్న ఒకే కుర్చీ ఆయనకి వేశారు. రుమాలుతో దులిపి కూర్చుని, బావని పైనుంచి కింది దాకా చూశాడు.

"గుడ్. సఫారీ వేసుకునేవాడికి ఒక టేస్ట్ ఉంటుంది. నాదీ సేమ్ కలర్. ఇట్ షోస్ ది మేన్. సూపర్‌వైజరంటే లేబర్‌ని కంట్రోల్ చెయ్యాలి కదా, ఎలా చేస్తావ్?"

బావ నోరు తెరిచేలోపే మధ్యవర్తి అందుకున్నాడు: "ఆయన మాట్లాడ్డం తక్కువ సార్. సూపుతోనే సేయిత్తాడు."

"దట్ ఈజ్ జెంటిల్మేన్!" అని తొడ చరిచాడు ఆయన. "చేత్తో చేసేవాడు కూలీ. చూపుతో చేయించేవాడు జెంటిల్మేన్."

నవ్వు రాలేదు నాకు. ఉతికిన నాకు తెలుసు ఆ సఫారీ ఏ మనిషిని చూపిస్తుందో.

తరవాత ఆయనకి దాహమేసింది. బిందెలో నీళ్లు ముంచబోతే వద్దన్నాడు. "ఈ నీళ్లు తాగే కదా మీకీ రోగాలు. ఉద్దానం వచ్చి బొండం లేకపోతే ఎలా బావా? రెండు దింపించు."

"ఎక్కేవోడు ఊళ్లో నేడు బావా, ఇచ్చాపురం ఎల్నాడు."

"అయితే నువ్వే ఎక్కు. అలవాటేగా."

వేళాకోళమనుకున్నాను. పెద్దాయన అలా అనుకోలేదు. పిల్ల పెళ్లి ఆయన ఊ మీద ఆధారపడి ఉంది. చూరులోంచి తాడూ కత్తీ తీసుకుని, ఆ వాచిన కాళ్లు ఈడ్చుకుంటూ పెరటి చెట్టు దగ్గరికి నడిచాడు. పాదాలకి తాడు వెయ్యబోతే అది చర్మంలోకి దిగిపోయి గాడి పడింది. ఆయన పెళ్లాం, "ఓలమ్మ, ఒద్దు," అని పరిగెత్తింది. కుర్చీలోని మనిషి కదల్లేదు. పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

బావ లేచాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. "కూకోరా. పోతాది సంబంధం."

"ఆయన పడిపోతాడు," అన్నాడు. అంతే అన్నాడు. చొక్కా గుండీలు విప్పి తీసేశాడు. మధ్యవర్తి గొంతులో కప్ప కూసినట్టు చప్పుడైంది. బావ చొక్కాని ఒద్దికగా తిరగేసి మడిచి, పెట్టడానికి చోటు వెతికి, ఆ కుర్చీ చేతి మీదే పెట్టాడు. పెరట్లోకి వెళ్లి పెద్దాయన భుజం మీది తుండు అడిగి తీసుకుని, నడుముకి చుట్టుకుని ప్యాంటు వదిలేశాడు. తాడు అందుకుని పాదాలకి వేసుకుని, కత్తి నడుముకి దోపుకున్నాడు. ఆ తరవాత మనిషి కనబడలేదు, ఆకుల్లో కత్తి చప్పుడు వినబడింది. ఊపిరాడక చచ్చినవాడు ఆ చెట్టు మీద హాయిగా ఈల వేశాడు. నేను విన్నాను. గుమ్మం దగ్గర పిల్ల కూడా విన్నట్టే ఉంది, పైకి చూసింది.

దింపిన బొండాలు రెండూ జెంటిల్మేనే తాగాడు. మీసాల మీంచి, గడ్డం మీంచి కారుతుంటే గుటకలేసి తాగాడు. కొబ్బరి గీకించుకుని తిన్నాడు. దింపినవాడికి గాని, కాళ్లు వాచిన బావగారికి గాని ఒక మాట లేదు. మూతి తుడుచుకోవడానికి చెయ్యి చాస్తే వేళ్లకి తగిలింది ఆ మడత. కాలరు లోపల నేను వేలు కాల్చుకుని రాసిన అక్షరాలు ఎదురుగా ఉన్నాయి.

చదువుకున్నవాడు కదా, వెంటనే చదివాడు.

"ఇది నాది! నా సఫారీ! ఎవడ్రా నువ్వు? చెట్లెక్కే కూలి వెధవ్వి, నా బట్టలేసుకుని నా ఇంట్లో పిల్లని అడగడానికొచ్చావా? నాన్సెన్స్! బావా, చూశావా? చేతులు చూడు, ఆ కాళ్లు చూడు! తాడు కట్టుకునే జాతి!"

బావ చెట్టు కింద బనీను మీద నిలబడి ఉన్నాడు. పొట్ట మీద చెట్టు గీరిన గీతల్లోంచి రక్తం బనీనుకి అంటుతోంది.

పిల్ల తల్లి అప్పటిదాకా అన్నగారి ముందు నోరెత్తలేదు. కింద పడున్న తాడు తీసి చుట్ట చుడుతూ, ఆయన వైపు చూడకుండానే అంది: "ఈ తాడు నాన్నదే కదేటి అన్నా. నాన్నెక్కి దింపిన కాయలమ్మే కదా నువ్వు సదువుకున్నావు."

ఆయన మొహం నేను చూశాను. సిగ్గు పడతాడేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను కూడా. పడలేదు. పక్కనున్న మా వైపు, ఎవరైనా విన్నారా అన్నట్టు చూశాడు. అంతే ఆయన బాధ. సఫారీ నా మీదికి విసిరాడు.

"నువ్వు ఆ లాండ్రీవాడివి కదూ? రెండుసార్లు ఉతికించు. వీడు తొడిగాడు."

ఆరేళ్లలో మొదటిసారి నన్ను గుర్తుపట్టాడు, అదీ ఉతకడానికి. "నేను ముందే ఉతికినాను సార్, మీరు తొడిగినందుకు," అన్నాను. అర్థమయ్యేలోపు బండెక్కాడు. "ఈ సంబంధం చేస్తే నా గడప తొక్కొద్దు" అని చెల్లెలికి చెప్పి పోయాడు.

మధ్యవర్తి ఎప్పుడు మాయమయ్యాడో తెలియదు. పెద్దాయన మంచం మీద కూలబడ్డాడు. బావ వైపు తిరిగి అన్నాడు.

"సెట్లెక్కుతావని ముందే సెప్తే నాను ఎగిరి గంతేద్దును బాబూ. ఈ తోటలో ఎక్కే దిక్కు నేక కాయలు రాలిపోతన్నాయి. అబద్ధమెందుకాడినావు?"

"తప్పే మావా," అన్నాడు బావ.

"అబద్ధమాడినోడికి పిల్లనెలగిత్తాను?"

వెళ్దాం పదమని బావ భుజం తట్టాను. రెండడుగులు వేశాం.

"ఇదిగో," అంది పిల్ల, గుమ్మంలోంచి. మొదటిసారి గొంతు విన్నాం. "నీకు సొంత సొక్కా నేదేటి?"

బావ తిరిగి చూశాడు. "ఉన్నాది."

"అయితే వచ్చే ఆదివారం అదేసుకుని రా. నాన్న అడిగినవన్నీ మల్లీ అడుగుతాడు. నిజం సెప్పు." తండ్రి వైపు చూసింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. కాళ్లు మంచం మీదికి ఎత్తుకుని పెట్టుకున్నాడు.

బస్సు రోడ్డు దాకా నడిచాం, బావ తుండు కట్టుకుని, నేను ఆ సఫారీ జతని రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని. ఎండకి అందులోంచి మళ్లీ ఆ వాసన లేస్తోంది. ఇసకలో కాళ్లు దిగబడుతున్నాయి.

"ఒరే బావా."

"ఏటిరా?"

"నా సొక్కాకి గుండెల మీద బొండం మరకలున్నాయి కదరా. ఉతికిపెడతావా?"

"ఆ మరక పోదురా. ఎంత తోమినా పోదు."

"పోకపోతే పోనీ," అన్నాడు బావ. "ఇస్త్రీ అయినా సెయ్యి."